సంపద గురించి రెండు ప్రశ్నలు - అబుల్ హసన్ తానాషా జీవితం

ప్రతి ఏటా శ్రీరామనవమి నాడు భద్రాచలంలో జరిగే కల్యాణోత్సవానికి ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు వెళతాయి. ఈ ఆనవాయితీ ఒక ముస్లిం పాదుషా కాలంలో మొదలైందని అక్కడి జనం తరతరాలుగా చెప్పుకుంటారు. ఖమ్మం, పాల్వంచ, కొత్తగూడెం ప్రాంతాల్లోని మన ఇళ్లలో పిల్లలు టీవీలో ఆ దృశ్యం చూసి ఆ పాదుషా ఎవరని అడుగుతుంటారు. ఆయన గోల్కొండను ఏలిన చివరి సుల్తాన్ అబుల్ హసన్ ఖుతుబ్ షా. జనం నోట ఆయన పేరు తానాషా.

చాలామందికి ఆయన గురించి తెలిసింది రెండు ముక్కలే. రామదాసును చెరసాలలో పెట్టినవాడని ఒకటి, భోగలాలసుడని మరొకటి. ఉర్దూ, హిందీ భాషల్లో తానాషాహీ అంటే నియంతృత్వం అనే అర్థం స్థిరపడిపోయింది. కాని ఆయన జీవితాన్ని మొదటి నుంచి చివరి వరకు చూస్తే, సంపద మనిషిని ఎలా పరీక్షిస్తుందో తెలిపే గొప్ప గుణపాఠం అందులో కనిపిస్తుంది.

తీర్పు దినాన మానవుడు కొన్ని ప్రశ్నలకు జవాబు చెప్పనిదే దైవ సన్నిధి నుంచి ఒక్క అడుగు కూడా కదపలేడని దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) హెచ్చరించారు. వాటిలో ఆయువు గురించి, జ్ఞానం గురించి అడిగే ప్రశ్నలు ఉన్నాయి. సంపద దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒకటి కాదు, రెండు ప్రశ్నలు ఉన్నాయి. అది ఎక్కడి నుంచి వచ్చిందన్నది మొదటిది. దాన్ని దేనికి ఖర్చు చేశావన్నది రెండవది. ఈ రెండు ప్రశ్నలను చేతబట్టుకుని తానాషా జీవితాన్ని పరిశీలిద్దాం.

ఖానఖాలో పద్నాలుగేళ్లు

అబుల్ హసన్ ఖుతుబ్ షాహీ వంశానికి దూరపు బంధువు. కాని ఆయన పెరిగింది రాజభవనంలో కాదు. యవ్వనంలో దాదాపు 14 ఏళ్లు ఆయన హైదరాబాద్‌లో షా రాజు అనే సూఫీ గురువు ఖానఖాలో శిష్యుడిగా గడిపారు. ఈ షా రాజు గుల్బర్గా ఖాజా బందానవాజ్ గేసూదరాజ్ వంశీకులు. హైదరాబాద్ పాతబస్తీలో నేటికీ వారి దర్గా ఉంది.

ఖానఖా జీవితం నిరాడంబరమైనది. ఉన్నది నలుగురూ పంచుకుని తినాలి, లేనినాడు ఓర్చుకోవాలి, వచ్చిన అతిథికి సేవ చేయాలి. ఒక జత బట్టలతో, ఒక చాపతో మనిషి బతకగలడని అక్కడ అనుభవంతో నేర్చుకుంటారు. శిష్యుని మృదువైన కంఠానికి ముచ్చటపడి గురువే ఆయన్ని తానాషా అని ముద్దుగా పిలిచేవారని చెబుతారు. నేడు నియంతకు మారుపేరైన ఆ పదం ఒక గురువు వాత్సల్యంలో పుట్టిందన్నమాట!

పెళ్లి పందిరి నుంచి సింహాసనానికి

అప్పటి సుల్తాన్ అబ్దుల్లా ఖుతుబ్ షాకు కుమారులు లేరు, ముగ్గురు కుమార్తెలు. మూడవ కుమార్తె వివాహం సయ్యద్ సుల్తాన్ అనే వ్యక్తితో నిశ్చయమైంది. రాజకుటుంబ వివాహమంటే మాటలా? ఏర్పాట్లన్నీ ఘనంగా జరిగిపోయాయి. అంతలో పెద్దల్లుడు సయ్యద్ నిజాముద్దీన్ అహ్మద్ ఈ సంబంధానికి అడ్డు తగిలాడు. ఈ పెళ్లి జరిగితే రాజ్యం విడిచి వెళ్లిపోతానని బెదిరించాడు. ముహూర్తం దగ్గర పడింది, ఖర్చు అయిపోయింది, వరుడు మాత్రం లేడు. అప్పుడు వంశంలోని యువకుని కోసం వెతికి, ఖానఖాలో ఉన్న అబుల్ హసన్‌ను తీసుకొచ్చి పెళ్లికొడుకుని చేశారని చరిత్ర గ్రంథాలు తెలుపుతున్నాయి.

ఈ సంఘటనలో మనం ఆగి ఆలోచించవలసిన విషయం ఒకటుంది. పందిరి, విందు, ఊరేగింపు సిద్ధమయ్యాక వాటికి సరిపోయే వరుణ్ణి వెతకవలసి వచ్చింది. ఆడంబరం ముందు, మనిషి తర్వాత! రాజులకే పరిమితమైన ఆ పద్ధతి నేడు మన సామాన్య కుటుంబాల్లోకి కూడా దిగివచ్చిందా లేదా అన్నది ప్రతి ఒక్కరూ తమను తాము ప్రశ్నించుకోవాలి.

1672లో అబ్దుల్లా ఖుతుబ్ షా మరణించారు. అల్లుళ్ల మధ్య వారసత్వ పోరు జరిగింది. సయ్యద్ ముజఫ్ఫర్ వంటి సర్దారుల మద్దతుతో అబుల్ హసన్ సింహాసనం ఎక్కారు. నిన్నటి దాకా చాప మీద పడుకున్న మనిషి ఈనాడు వజ్రాల రాజ్యానికి యజమాని అయ్యారు.

ఖజానా ఎలా నిండేది?

ఇక్కడే మొదటి ప్రశ్న ఎదురవుతుంది. ఆ సంపద ఎక్కడి నుంచి వచ్చేది? గోల్కొండ ఆ కాలంలో ప్రపంచ వ్యాపారానికి ఒక ప్రధాన కేంద్రం. కృష్ణా తీరంలోని కొల్లూరు గనుల నుంచి వజ్రాలు వచ్చేవి. మచిలీపట్నం రేవు నుంచి కలంకారీ అద్దకాలు, నూలు బట్టలు పర్షియాకు, ఐరోపాకు ఓడల్లో వెళ్లేవి. నేటి ఖమ్మం జిల్లాలో చింతకాని దగ్గరి నాగులవంచలో కూడా డచ్చి కంపెనీ వర్తక స్థావరం ఉండేది. అంటే దూరదేశాల్లో ధనికుల మోజు మన పల్లెల్లోని నేతగాని మగ్గాన్ని, అద్దకంవాని తొట్టిని శాసించడం ఆనాడే మొదలైంది.

వ్యాపారంతో పాటు ఖజానాకు పెద్ద ఆదరువు భూమి శిస్తు. దాన్ని వసూలు చేయడానికి ఇజారా పద్ధతి ఉండేది. ఎక్కువ మొత్తం ఇస్తానని పాట పాడినవాడికి ఆ ప్రాంతం వసూళ్ల హక్కు దక్కేది. పాడిన మొత్తం సర్కారుకు కట్టాలి, పైన తనకూ మిగలాలి. ఆ రెండూ చివరికి రైతు గాదె నుంచే రావాలి. కల్లు మీద వచ్చే రాబడి కూడా సర్కారుకు గణనీయంగా ఉండేదని, అబ్దుల్లా ఖుతుబ్ షా కాలంలో హైదరాబాద్‌ను చూసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ రాశాడు. మత్తు పానీయాన్ని నిషేధించిన ధర్మాన్ని అనుసరించే పాలకుల ఖజానాకు ఆ సొమ్ము చేరడం బాధాకరమైన విషయం. రాబడి తీపిగా ఉన్నప్పుడు అది వచ్చే దారి గురించి అడగడం మానేస్తాం. ఈ బలహీనత పాలకులకే పరిమితం కాదు.

అబుల్ హసన్ కాలంలో హనుమకొండ ప్రాంతం నుంచి వచ్చిన మాదన్న ప్రధాన మంత్రి అయ్యాడు. ఆయన సోదరుడు అక్కన్న కూడా ఉన్నత పదవిలో ఉన్నాడు. వేలంపాట పద్ధతిని తగ్గించి, జీతం తీసుకునే ఉద్యోగుల చేత శిస్తు వసూలు చేయించడానికి మాదన్న ప్రయత్నించాడని చరిత్రకారులు రాశారు. మతం వేరైనా సమర్థతను చూసి పదవి ఇవ్వడం తానాషా పాలనలో మెచ్చుకోదగిన అంశం. తెలుగు ప్రజలు ఆయన్ని నేటికీ ఆప్యాయంగా తలచుకోవడానికి ఇది కూడా ఒక కారణం.

పాల్వంచ తహసీల్దారు

ఈ అక్కన్న మాదన్నల మేనల్లుడుగా చెప్పబడే కంచెర్ల గోపన్న, ఖమ్మం దగ్గరి నేలకొండపల్లి వాస్తవ్యుడు. పాల్వంచ పరగణాకు ఆయన తహసీల్దారు అయ్యారు. ఒకవైపు గోదావరి, మరోవైపు దట్టమైన అడవి, మధ్యలో కోయగూడేలు, అక్కడక్కడా వరిమళ్లు. అటువంటి సరిహద్దు ప్రాంతంలో వసూలైన శిస్తును గోల్కొండకు పంపడం ఆయన విధి. భద్రాచలం కొండ మీద ఆలయ నిర్మాణానికి, ఆభరణాలకు ఆయన సర్కారు సొమ్మును వెచ్చించారని, అది ఆరు లక్షల వరహాలని జనశ్రుతి. శిస్తు రాకపోవడంతో సుల్తాన్ లెక్క అడిగారు. లెక్క తేలలేదు. గోపన్నకు గోల్కొండ కోటలో పన్నెండేళ్లు చెరసాల ప్రాప్తించిందని చెబుతారు. సొమ్ము సాక్షాత్తు శ్రీరాముడే రామమాడల రూపంలో చెల్లించాడని, అది చూసి సుల్తాన్ గోపన్నను విడిపించి భద్రాచలానికి కానుకలు ఏర్పాటు చేశాడని హిందూ సోదరుల విశ్వాసం. వారి విశ్వాసాన్ని చర్చించడం మన ఉద్దేశం కాదు. ఇతరుల ఆరాధ్యాలను కించపరచవద్దని ఖుర్ఆన్ మనకు బోధించింది.

మనం గ్రహించవలసింది లెక్క విషయం. గోపన్న ఆ సొమ్మును తన ఇంటికి తీసుకుపోలేదు, సొంత భోగానికి వాడుకోలేదు. తాను పుణ్యకార్యమని నమ్మినదానికే ఖర్చు చేశారు. అంటే రెండవ ప్రశ్నకు ఆయన వద్ద ఒక జవాబు ఉంది. మొదటి ప్రశ్నకు మాత్రం జవాబు లేదు. ఎందుకంటే ఆ సొమ్ము ఆయనది కాదు. అది పరగణా రైతు చెమటోడ్చి కట్టిన శిస్తు, ఆయన చేతిలో అమానతు.

ఇస్లాం ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. దైవప్రవక్త (స) ఒక వ్యక్తిని జకాత్ వసూలుకు పంపారు. అతను తిరిగి వచ్చి కొంత సొమ్మును బైతుల్‌మాల్‌కు అప్పగించి, మరికొంత జనం తనకు ఇచ్చిన కానుక అని వేరుగా పెట్టుకున్నాడు. అతను తన తల్లిదండ్రుల ఇంట్లోనే కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చి ఉండేదా అని దైవప్రవక్త (స) అందరి ముందూ నిలదీశారు. పదవి వల్ల చేతికి వచ్చినది పదవికే చెందుతుంది. పరుల సొమ్ముతో చేసే దానం దానం కాదు. మంచి ఉద్దేశం కాని సొమ్మును సొంత సొమ్ముగా మార్చలేదు.

అయితే గోపన్న వైపు వేలు చూపే ముందు మన మసీదు కమిటీల వైపు ఒకసారి చూసుకుందాం. ఒక పనికి వసూలు చేసిన చందాను మరో పనికి మళ్లించడం, అనాథ పిల్లల కోసం వచ్చిన జకాత్‌తో మీనార్లకు రంగులు వేయించడం, ఏడాదికి ఒకసారైనా జమాఅత్ ముందు జమాఖర్చులు చదవకపోవడం మనలో లేవా? దేవుని ఇంటికే కదా ఖర్చు పెట్టాం అని సమాధానం చెప్పుకుంటాం. సరిగ్గా గోపన్న చెప్పుకోగలిగిన సమాధానమే అది.

లెక్క అడిగినవాని లెక్క

సుల్తాన్ లెక్క అడగడం న్యాయమే. కాని అడిగిన చేయి ఎలా ఉంది? అబుల్ హసన్ ఖానఖా పాఠాలను కోటలో నిలుపుకోలేకపోయారు. సంగీతం, నాట్యం, అత్తర్లు, ఉద్యానవనాలు, కొత్త మహళ్లతో ఆయన ఆస్థానం నిండిపోయింది. హైదరాబాద్‌లోని గోషామహల్ ఆయన కాలానిదే. ఆయన సౌకుమార్యం గురించి, విలాసాల గురించి కథలు కథలుగా చెప్పుకుంటారు. రాజ్యభారం మంత్రుల మీద పడింది. గోపన్న ప్రజాధనాన్ని తన భక్తికి ఖర్చు పెడితే, సుల్తాన్ అదే ప్రజాధనాన్ని తన సరదాలకు ఖర్చు పెట్టారు. ఒకరు చెరసాల పాలయ్యారు, మరొకరు సింహాసనం మీద కూర్చున్నారు. తేడా అధికారంలోనే ఉంది.

ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మలై) గారి దీపం సంగతి మన పిల్లలందరికీ తెలిసిందే. ప్రభుత్వ పనులు ముగిసి సొంత మాటలు మొదలవగానే ఆయన సర్కారు నూనెతో వెలిగే దీపాన్ని ఆర్పి, తన ఇంటి దీపం వెలిగించేవారు. లెక్క అడిగే హక్కు అటువంటి వారికి శోభిస్తుంది.

గోల్కొండ పతనం

ఆ తర్వాత సుల్తాన్ కూడా లెక్క చెప్పవలసిన రోజు వచ్చింది. గోల్కొండ మొగలులకు ఏటా కప్పం కట్టాలన్న ఒప్పందం 1636 నుంచే ఉంది. ఔరంగజేబు బకాయిలు అడిగాడు. మరాఠాలకు సహాయం చేయడం, హిందూ మంత్రులకు పెత్తనం ఇవ్వడం, విలాసాల్లో మునగడం నేరాలుగా ఎంచాడు. 1685లో మొగల్ సేనలు హైదరాబాద్ నగరాన్ని దోచుకున్నాయి. 1686లో అక్కన్న మాదన్నలను గోల్కొండలోనే హత్య చేశారు. 1687 ఆరంభంలో కోట ముట్టడి మొదలై ఎనిమిది నెలలు సాగింది. కరువు, అంటురోగాలు ఇరుపక్షాల సైనికులనూ, సామాన్య ప్రజలనూ బలి తీసుకున్నాయి.

ఈ యుద్ధానికి మతం పేరు వాడుకున్నారు. కాని మొగల్ సామ్రాజ్యపు ప్రధాన ఖాజీ షేఖుల్ ఇస్లాం దక్కనులోని ముస్లిం రాజ్యాల మీద యుద్ధం ధర్మసమ్మతమని చెప్పడానికి నిరాకరించి, పదవి వదులుకుని హజ్‌కు వెళ్లిపోయారు. ఆయన తండ్రి కూడా ఖాజీయే. పదవిలో ఉండి చాలా ధనం కూడబెట్టాడు. తండ్రి పోయాక ఆ సొమ్ములో తన వాటాను ఈ కుమారుడు ముట్టుకోలేదని చరిత్రకారులు రాశారు. వచ్చిన దారి సరైనది కాదనిపిస్తే వారసత్వపు సొమ్ము కూడా అక్కర్లేదని వదిలేసినవాడే, చక్రవర్తి ముందు నిజం చెప్పగలిగాడు. సొమ్ముకు లొంగిన నాలుకకు ఆ ధైర్యం ఉండదు.

కోటలోనూ ఈ రెండు రకాల మనుషులు కనిపించారు. సేనాని అబ్దుర్రజాఖ్ లారీకి ఔరంగజేబు గొప్ప మన్సబు ఇస్తానని లేఖ పంపాడు. ఆయన ఆ లేఖను తన సైనికులకు చూపించి ముక్కలుగా చించేశాడు. అబ్దుల్లా ఖాన్ పనీ అనే మరో సర్దారు మాత్రం లంచానికి లొంగి, 1687 సెప్టెంబరులో ఒక రాత్రి కోట ద్వారం తెరిచాడు. వజ్రాల కోటను ఫిరంగులు గెలవలేకపోయాయి, డబ్బు గెలిచింది. లారీ ఒళ్లంతా గాయాలతో పడిపోయేదాకా పోరాడాడు. మొగలులకు దాదాపు ఏడు కోట్ల రూపాయల నగదు దొరికింది. నగలు, వెండి బంగారాలు దానికి అదనం.

ఆ తెల్లవారుజామున జరిగిన సంఘటన తానాషా జీవితంలోకెల్లా ముఖ్యమైనది. శత్రువులు భవనంలోకి వచ్చారని తెలిసి ఆయన కంగారుపడలేదు. అంతఃపురంలో రోదిస్తున్న స్త్రీలను ఓదార్చి, వచ్చి తన ఆసనం మీద కూర్చున్నారు. లోపలికి వచ్చిన మొగల్ సర్దారులకు సలాం చేసి పలకరించారు. భోజన సమయం కావడంతో వడ్డించమని చెప్పి, వారినీ ఆహ్వానించారు. ఇలాంటి వేళ తిండి ఎలా సయిస్తుందని వాళ్లు ఆశ్చర్యపోయారు. యవ్వనంలో పేదరికంలో ఉంచినవాడు, తర్వాత రాజ్యమిచ్చినవాడు ఆ అల్లాహ్‌యేనని, ఇచ్చినవాడే ఇప్పుడు తీసుకుంటున్నాడని, ఆయన దయ మీద తన నమ్మకం చెక్కుచెదరలేదని అబుల్ హసన్ జవాబిచ్చారని చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాశాడు. పదిహేనేళ్లు భోగాల కింద పూడిపోయిన ఖానఖా పాఠం ఆ ఉదయం తిరిగి పైకి వచ్చింది. చిన్ననాడు నేర్పిన ధర్మబోధ వృథా పోదనడానికి ఇంతకంటే నిదర్శనం ఏం కావాలి? తల్లిదండ్రులు దీన్ని గుర్తుంచుకోవాలి.

ఒకే ఊరిలో రెండు సమాధులు

అబుల్ హసన్‌ను దౌలతాబాద్ కోటలో బంధించారు. సుమారు పన్నెండేళ్ల నిర్బంధం తర్వాత ఆయన అక్కడే కన్నుమూశారు. గోపన్నకు జనశ్రుతి చెప్పే చెరసాల కాలం కూడా ఇంచుమించు అంతే. గోల్కొండ పక్కన పూర్వీకులు కట్టుకున్న ఎత్తైన గుంబజుల మధ్య ఆయనకు చోటు దొరకలేదు. మహారాష్ట్రలోని ఖుల్దాబాద్‌లో ఒక సాదా సమాధిలో ఆయన్ని ఖననం చేశారు.

ఆయన్ని ఓడించిన ఔరంగజేబు 1707లో మరణించాడు. ఆయన సమాధి కూడా ఖుల్దాబాద్‌లోనే ఉంది. టోపీలు కుట్టి సంపాదించిన నాలుగు రూపాయల రెండు అణాలను తన కఫన్‌కు వాడాలని, ఖుర్ఆన్ ప్రతులు రాసి సంపాదించిన 305 రూపాయలను పేదలకు పంచాలని ఆయన పేరిట ఉన్న వీలునామా చెబుతుంది. కోట్లు గెలిచిన చక్రవర్తి చివరికి తన కష్టార్జితమని ధైర్యంగా చెప్పుకోగలిగింది ఆ కొద్ది రూపాయలనే! భోగంగా బతికిన సుల్తాన్, పొదుపుగా బతికిన చక్రవర్తి ఒకే ఊరి మట్టిలో కలిశారు. ఇద్దరికీ ఎదురయ్యే ప్రశ్నలు మాత్రం అవే రెండు.

మన ఇంటి లెక్క

పాఠక సోదర సోదరీమణులారా! మనకు గోల్కొండ లేదు, వజ్రాల గనులు లేవు. కాని నేడు బజారు ప్రతి ఇంటినీ ఒక చిన్న దర్బారుగా మార్చాలని చూస్తోంది. ఎదుటివారి ఇంట్లో ఉన్న ప్రతి వస్తువూ మనింట్లో ఉండాలి. చేతిలో డబ్బు లేకపోయినా వాయిదాల మీద ఇస్తారు. ఇక పెళ్లి వచ్చిందంటే ఫంక్షన్ హాలు, రకరకాల వంటకాలు, కట్నకానుకలు. ఆటో నడిపే తండ్రి, దర్జీ పని చేసే తండ్రి, బొగ్గు గనిలో దిగే తండ్రి వడ్డీకి అప్పు తెచ్చి ఒక్క రోజు సుల్తాన్ అవుతున్నాడు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఖైదీ అవుతున్నాడు. అతని భార్య వారం వారం కిస్తీ కట్టడానికి పిల్లల పాలు తగ్గిస్తోంది. నికాహ్ ఒక సున్నత్. దాని కోసం వడ్డీ అనే మహాపాపంలో దిగడం ఏ ధర్మం? పుణ్యకార్యానికి నిషిద్ధమైన సొమ్ము. ఇది గోపన్న చేసిన పొరపాటు కంటే తక్కువదేమీ కాదు.

అలాగని ఇస్లాం పిసినారితనాన్ని నేర్పలేదు. దుబారాకు, లోభత్వానికి నడుమ ఉండే మధ్యేమార్గాన్ని నేర్పింది. శుభ్రంగా తినమంది, కట్టమంది, ఇరుగుపొరుగుకు పెట్టమంది. కనుక ఈ నెల నుంచే ప్రతి ఇంట్లో ఒక లెక్కల పుస్తకం మొదలుపెడదాం. ఎడమ పేజీలో వచ్చిన దారి, కుడి పేజీలో పోయిన దారి రాసుకుందాం. ఏడాది నిండిన పొదుపు నిసాబ్‌కు చేరితే నూటికి రెండున్నర చొప్పున జకాత్ తీసి హక్కుదారులకు అందజేద్దాం. పిల్లల నికాహ్‌ను మసీదులో జరిపి, వలీమాను స్తోమతకు తగ్గట్టు పెడదాం. మసీదు కమిటీలో ఉన్నవారు జమాఖర్చుల కాగితాన్ని నోటీసు బోర్డు మీద అతికించాలి. ఎవరూ అడగకపోయినా అతికించాలి.

లెక్క ఇక్కడే సరిచూసుకుంటే అక్కడ తేలిక. అల్లాహ్ మనందరికీ ధర్మబద్ధమైన సంపాదనను, దాన్ని ధర్మబద్ధంగా ఖర్చు చేసే సద్బుద్ధిని ప్రసాదించుగాక! మనకంటే ముందు వెళ్లిపోయిన వారి పొరపాట్లను క్షమించుగాక! ఆమీన్.